కడుపులో బిడ్డకు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటున్నారు, ఇన్సులిన్ వాడాలా, క్యాప్సూళ్ళు వాడాలా?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 30. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి 11 దాకా అమెరికా వాళ్ళతో కాల్స్. పెళ్ళయిన నాలుగేళ్ళకు, పీసీఓఎస్‌కు (అండాశయాల్లో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) మందులు వాడాక గర్భం వచ్చింది. ఇప్పుడు 28వ వారం. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. గర్భానికి ముందు బరువు 82 కిలోలు, ఇప్పటికి మరో ఆరు కిలోలు పెరిగారు. మూడో నెలలో చేసిన షుగర్ టెస్టు మామూలుగానే వచ్చింది, బిడ్డ అవయవాలను చూసే టిఫ్ఫా స్కాన్ కూడా బాగుంది. 25వ వారంలో గ్లూకోజ్ నీళ్ళు తాగించి చూస్తే రెండు గంటలకు 171 వచ్చింది. రెండు వారాలు గట్టిగా డైట్ చేశారు. అయినా పరగడుపున 102 నుంచి 108, తిన్న రెండు గంటలకు 125 నుంచి 140 మధ్య ఉంటోంది. ఇన్సులిన్ మొదలుపెడదామని డాక్టర్ అన్నారు.

ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే, షుగర్ గానీ ఊబకాయం గానీ ఉన్న తల్లుల బిడ్డల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువగా ఉంటుందని కనిపించింది. "అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదు, నిద్ర లేదు" అని రాశారు. ఈ సంగతి ఆడబిడ్డకు చెబితే, ఆమె తాను అమ్మే యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్ళు, పండ్ల రసం కలిపి నెలకు 6,000 రూపాయల ప్యాక్ తెచ్చిచ్చింది. అత్తమ్మేమో "ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే జన్మంతా పొడుచుకోవాలె, ముందు ఈ గోలీలు వాడి చూడు" అంటున్నారు. ఈ నెలలో సీమంతం. అది కాగానే కాన్పుకు సూర్యాపేట తీసుకుపోతానని అమ్మ పట్టుబట్టింది. భర్త ఎవరికీ ఎదురు చెప్పలేక "నీ ఇష్టం" అంటున్నారు. ఒక పెళ్ళిలో బంధువు ఒకావిడ అందరి ముందూ "ఒళ్ళు తగ్గించుకోకుండ కడుపు తెచ్చుకుంటే ఇట్లనే అయితది" అన్నారట. ఉత్తరం చివరి మాటలు ఇవి: "నా బరువు వల్ల నా బిడ్డ పుట్టకముందే పాడైపోయిందా? నేనిప్పుడు ఏం చేయాలి?"

సమాధానం:

మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి ప్రశ్నే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. లేదమ్మా, మీ బిడ్డ పాడైపోలేదు. ఊరికే ఓదార్చడానికి ఈ మాట అనడం లేదు, మీరు రాసిన వివరాలను బట్టే చెబుతున్నాను. గుండె, వెన్నెముక, మెదడు రూపు కట్టేది మొదటి మూడు నెలల్లో. షుగర్ వల్ల అవయవ లోపాలు వస్తాయేమోనని డాక్టర్లు ఎక్కువగా భయపడేది గర్భానికి ముందు నుంచే షుగర్ అదుపులో లేని తల్లుల విషయంలో, ఆ మొదటి నెలల గురించి. మీకు అప్పుడు షుగర్ మామూలుగా ఉంది. స్కాన్‌లో కూడా ఏ లోపమూ కనిపించలేదు. మీకు వచ్చింది గర్భంతో వచ్చిన షుగర్. ఐదో నెల దాటాక మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ప్రతి గర్భిణికీ ఇది జరుగుతుంది. కొందరి శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేసి దాన్ని దాటేస్తుంది, కొందరిది చేయలేకపోతుంది. బరువు దీనికి ఒక కారణమే, కాదనను. పీసీఓఎస్ మరో కారణం. కుటుంబంలో షుగర్ ఉంటే అదీ తోడవుతుంది. సన్నగా ఉన్న ఆడవాళ్ళకు కూడా మన దగ్గర ఇది బాగానే వస్తోంది. పెళ్ళిలో ఆ మాట అన్నావిడకు ఇవేవీ తెలియవు. తెలియక అన్నా ఆ మాట క్రూరమైనదే. దాన్ని మీరు ఇంకా మోయనవసరం లేదు.

ఇక ఫోన్‌లో చదివిన దాని గురించి. అది అబద్ధం కాదు. కానీ సగమే చదివారు.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఒక జబ్బు పేరు కాదు. మన కణాలు ఆక్సిజన్ సాయంతో చక్కెరనూ కొవ్వునూ మండించి శక్తి తీసుకుంటాయి. ఆ పనిలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడుతుంటాయి. వాటిని అణచడానికి ఒంట్లోనే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ వంటి ఎంజైములు ఉన్నాయి. అణచే శక్తి కన్నా పుట్టేవి ఎక్కువైనప్పుడు కణాల పొరలు, ప్రోటీన్లు, డీఎన్ఏ దెబ్బతినడం మొదలవుతుంది. కట్టెల పొయ్యిలో కట్టెలు ఎక్కువ కుక్కితే పొగ కమ్మేస్తుంది చూడండి, అలాంటిదే ఇది.

బిడ్డ దగ్గర ఈ కట్టెలు ఎక్కడివంటే, మీ రక్తంలోని గ్లూకోజే. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది, మీ ఇన్సులిన్ మాత్రం దాటదు. అందుకని బిడ్డే తన ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించారు. ఆ ఇన్సులిన్ వల్ల బిడ్డ ఒంట్లో కొవ్వు చేరుతుంది, ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది. ఆక్సిజన్ చాలకపోతే ఎర్ర రక్తకణాలు ఎక్కువ తయారవుతాయి, పుట్టాక అవి విరిగినప్పుడు కామెర్లు వస్తాయి. తల్లి బరువు ఎక్కువగా ఉంటే కొవ్వులోనూ మాయలోనూ సన్నగా ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, సాగుతుంటుంది, అది కూడా ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతుంది. షుగర్ ఉన్న తల్లుల బిడ్డల బొడ్డుతాడు రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను చూపించే మాలోన్‌డైఆల్డిహైడ్ లాంటి గుర్తులు ఎక్కువగా ఉన్నాయని చాలా పరిశోధనల్లో కనిపించింది. మీరు చదివింది బహుశా ఇదే.

ఇక చదవని సగం. అవి కొంతమంది బిడ్డల సగటు లెక్కలు. ఒక్కో బిడ్డకు ఏం జరుగుతుందో అవి చెప్పవు. ఆ గుర్తు పెరిగినంత మాత్రాన బిడ్డకు జబ్బు వచ్చినట్టు కాదు. అసలు తక్కువ ఆక్సిజన్ ఉండే గర్భంలోంచి గాలిలోకి వచ్చే ప్రతి బిడ్డకూ పుట్టిన క్షణంలో ఈ ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని తట్టుకునే ఎంజైములు గర్భంలో చివరి వారాల్లో బలపడతాయి. కాబట్టి నెలలు నిండి పుట్టడమే బిడ్డకు పెద్ద రక్ష. మీ బిడ్డకు ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో టెస్టు చేయించాలా అని కూడా అడిగారు. వద్దు. వైద్యం నడపడానికి పనికొచ్చే ప్రామాణికమైన కొలత దానికి లేదు. ఫలితం ఎలా వచ్చినా డాక్టర్ చేసేది మారదు, మీ టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. మీ ఇంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను ఒక సమస్యగానూ, షుగర్‌ను ఇంకో సమస్యగానూ విడదీసి, మొదటిదానికి క్యాప్సూళ్ళు, రెండోదానికి ఇన్సులిన్ అని బేరం పెట్టారు. అవి రెండు కావు. షుగర్ తగ్గితే బిడ్డకు చేరే అదనపు గ్లూకోజ్ తగ్గుతుంది, దానితోపాటే ఇదీ తగ్గుతుంది. కట్టెలు తీయకుండా పొగను విసనకర్రతో విసిరితే లాభం లేదు. తొమ్మిది దేశాల్లో 23 వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన హాపో అనే పరిశోధన 2008లో వెలువడింది. తల్లి షుగర్ పెరిగిన కొద్దీ బిడ్డ బరువు, పుట్టాక షుగర్ పడిపోవడం, సిజేరియన్ అవసరం మెట్టు మెట్టుగా పెరుగుతాయని అందులో తేలింది. మీరు దీన్ని ఇటువైపు నుంచి కూడా చదువుకోవచ్చు: ఎంత తగ్గించగలిగితే అంత మేలు. 2005లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో గర్భంతో వచ్చిన షుగర్‌కు ఆహారం, ఇంట్లో పరీక్షలు, అవసరమైతే ఇన్సులిన్‌తో వైద్యం చేస్తే, బిడ్డకు వచ్చే తీవ్రమైన సమస్యలు నాలుగు శాతం నుంచి ఒక శాతానికి తగ్గాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలని గర్భిణులకు పెట్టుకునే లక్ష్యం. మీకు పరగడుపు అంకె మొండిగా ఉంది. మీరు డైట్ సరిగా చేయలేదని దానర్థం కాదు. రాత్రంతా లివర్ విడుదల చేసే గ్లూకోజ్ వల్ల వచ్చే అంకె అది, తిండి మార్చినా అంతగా దిగదు.

డాక్టర్ చెప్పినట్టు ఇన్సులిన్ మొదలుపెడితే, కొద్ది రోజుల్లో డోసు సర్దుకుంటుంది, అంకెలు దిగుతాయి. అది మాయ దాటి బిడ్డకు చేరదు, అందుకే గర్భంలో దశాబ్దాలుగా నమ్మకంగా వాడుతున్నారు. ఇబ్బందులూ ఉన్నాయి. సూది సన్నదే అయినా రోజూ పొడుచుకోవాలి. వేళకు తినకపోతే షుగర్ 70 కిందికి పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. మీ రాత్రి కాల్స్‌తో ఇది నిజంగా జరగొచ్చు కాబట్టి గ్లూకోజ్ పొడి టేబుల్ మీదే ఉంచుకోవాలి. రెండో దారి మెట్‌ఫార్మిన్ మాత్రలు. పీసీఓఎస్‌కు మీరు ఇదివరకు వాడినవాటిలో ఇది ఉండే ఉంటుంది. సూది బాధ ఉండదు. కానీ ఇది మాయ దాటుతుంది. 2008 నాటి ఒక పెద్ద పరిశోధనలో మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టిన వారిలో దాదాపు సగం మందికి తర్వాత ఇన్సులిన్ కూడా కలపాల్సి వచ్చింది. సూదంటే మీకు విపరీతమైన భయముంటే ఈ మాట డాక్టర్‌ను అడగడం తప్పు కాదు. మూడోది, ఇంకో వారం డైట్ మీదే ఉండి చూడటం. డాక్టర్ ఒప్పుకుంటే, ఒక్క వారం, రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకుంటూ. అంతకు మించి లాగితే మీరు పోగొట్టుకునేది విలువైన సమయం. బిడ్డ ఒంట్లో కొవ్వు వేగంగా చేరేది ఇక్కడి నుంచే. నన్నడిగితే, మీ అంకెలకు ఇన్సులిన్ వైపే మొగ్గుతాను.

అత్తమ్మ భయానికి జవాబు మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పాలి. గర్భంతో వచ్చిన షుగర్‌కు వాడే ఇన్సులిన్‌ను చాలామందికి కాన్పు కాగానే ఆపేస్తారు. తర్వాతి జీవితంలో షుగర్ వచ్చే అవకాశం మీలాంటి వారికి ఎక్కువన్నది నిజమే. అది మీ శరీర తత్వం వల్ల, ఇన్సులిన్ వాడినందువల్ల కాదు. ఈ మాట మీ నోటి నుంచి వస్తే "కోడలు ఎదురు చెప్పింది" అవుతుంది. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఆమెను కూడా తీసుకెళ్ళండి, డాక్టర్‌నే అడగమనండి. పెద్దావిడ ఈ మాట అంటున్నది మీ మీద ప్రేమతోనేనని నాకనిపిస్తోంది. బహుశా ఎవరో దగ్గరివాళ్ళు ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీద ఉండటం చూసి ఉంటారు.

క్యాప్సూళ్ళ సంగతి. ఫ్రీ రాడికల్స్‌ను విటమిన్లతో అణచవచ్చన్న ఆలోచన డాక్టర్లకూ వచ్చింది, పెద్ద ఎత్తున పరీక్షించారు కూడా. బ్రిటన్‌లో ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భిణులకు రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. బీపీతో వచ్చే ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు సరికదా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు ఎక్కువయ్యారు. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం) ఉన్న గర్భిణుల్లో అలాంటి ప్రయత్నమే చేస్తే, 2010లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు. మీ ప్యాక్‌లో ఏముందో, ఎంత మోతాదో మీరు రాయలేదు, డబ్బా మీద కూడా పూర్తిగా ఉండకపోవచ్చు. పైగా అందులోని పండ్ల రసం తాగితే పెరిగేది మీ షుగరే. ఆ రసం మాత్రం వెంటనే ఆపండి. క్యాప్సూళ్ళు డాక్టర్‌కు చూపించి, వద్దంటే పక్కన పెట్టండి. డాక్టర్ రాసిన ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం మానకండి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకండి.

యాంటీఆక్సిడెంట్లు కావాలనుకుంటే మన రైతుబజార్లోనే ఉన్నాయి. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉందని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతాయి. దోర జామకాయ సగం, ఉసిరి, గోంగూర, తోటకూర, నానబెట్టిన పల్లీలు గుప్పెడు చాలు. ఇవి షుగర్‌ను ఎక్కువ పెంచవు కూడా.

ఆడబిడ్డకు ఏం చెప్పాలన్నదే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నట్టుంది. ఇది మీ భర్త చెప్పాల్సిన మాట, ఎందుకంటే ఆమె ఆయన చెల్లెలు. "డాక్టర్ వద్దన్నారు, బిడ్డ విషయంలో రిస్క్ తీసుకోలేం" అని ఆయన ఒక్క ఫోన్ చేస్తే చాలు. వెంటనే ఆమె నొచ్చుకోవచ్చు, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. ఆమెకు సాయం చేయాలనుకుంటే కాన్పయ్యాక ఇంకేదైనా కొనొచ్చు. నొప్పించలేక డబ్బులిచ్చి ప్యాక్ అల్మారాలో దాచుకోవడం కూడా ఒక దారే. దాని వల్ల ఇంట్లో గొడవ ఉండదు, కానీ నెలకు 6,000 పోతుంది, ప్రతివారం "వాడుతున్నవా?" అని అడిగితే అబద్ధం చెప్పాలి. మీ పరిస్థితిలో ఆ భారం కూడా ఎందుకని నా అభిప్రాయం. మీవారు "నీ ఇష్టం" అనడం మీకు స్వేచ్ఛ ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ, నిర్ణయాల బరువంతా మీ మీదే పడుతోంది. ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించండి.

బరువు గురించి ఒక జాగ్రత్త. ఈ భయంతో తిండి మానేసి సన్నబడాలని ఇప్పుడు ప్రయత్నించకండి. మీ బరువున్న వారికి గర్భం మొత్తంలో 5 నుంచి 9 కిలోలు పెరగడం సరిపోతుందని అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. మీరు ఆ హద్దులోనే ఉన్నారు. అన్నం పూర్తిగా మానకుండా కప్పుతో కొలిచి పెట్టుకోండి, పప్పు, కూర, గుడ్డు, పెరుగు పెంచండి. జొన్నరొట్టె అయినా కొలతే ముఖ్యం, జొన్నలని ఎన్నైనా తినేయకూడదు. రాత్రి 11కు కాల్స్ అయ్యాక తినడం మాత్రం మార్చుకోవాలి. ఎనిమిదింటికే భోంచేసి, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే పావుగంట నడవండి. రాత్రి కాల్స్ తగ్గించమని డాక్టర్ లెటర్‌తో మేనేజర్‌ను అడగండి. సీమంతం రోజున ఒళ్ళో పెట్టిన స్వీట్లన్నీ తినాలని ఎవరైనా బలవంతం చేస్తే, ముక్క నోట్లో వేసుకుని మిగతాది పంచేయండి.

సూర్యాపేట విషయంలో మీ అమ్మగారి మనసు నాకు అర్థమవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఏ తల్లికైనా ఉంటుంది. కానీ ఇన్సులిన్ మీద ఉంటే చివరి రెండు నెలల్లో చెకప్‌లు, బిడ్డ ఎదుగుదల స్కాన్లు తరచుగా ఉంటాయి. డోసు మారుతూ ఉంటుంది. మిమ్మల్ని మొదటి నుంచీ చూస్తున్న డాక్టర్ హైదరాబాద్‌లో ఉన్నారు, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆస్పత్రులూ మీకు దగ్గర్లోనే ఉన్నాయి. సూర్యాపేట వెళితే అమ్మ చేతి వంట, విశ్రాంతి, ఆఫీసు గోల లేకపోవడం దొరుకుతాయి, అవీ చిన్న విషయాలు కావు. అక్కడ బిడ్డకు రాత్రివేళ కూడా పిల్లల డాక్టర్ ఉండే ఆస్పత్రి మీకు ఖాయంగా దొరికితే, ఇప్పటి రిపోర్టులన్నీ తీసుకుని 32వ వారం లోపే మారాలి. చివర్లో మారడం మంచిది కాదు. మధ్యే మార్గం ఇంకొకటుంది: సీమంతం సూర్యాపేటలో ఘనంగా చేసుకుని తిరిగి రండి, తొమ్మిదో నెలలో అమ్మనే కూకట్‌పల్లి రమ్మనండి, కాన్పయ్యాక డాక్టర్ చూసి సరేనన్నాక బిడ్డతో పుట్టింటికి వెళ్ళండి. రెండు నెలలు ఒకే ఇంట్లో అమ్మ, అత్తమ్మ ఉండటం అంత సులువేమీ కాదని తెలుసు. అది సర్దుకోగల ఇబ్బందే.

ఈ ఆస్పత్రి మాట అంత గట్టిగా చెప్పడానికి కారణం పుట్టిన మొదటి రోజు. బొడ్డుతాడు కోయగానే మీ నుంచి వచ్చే గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అందుకే ఈ బిడ్డలకు మొదటి గంటల్లో షుగర్ పడిపోవచ్చు. మడమ దగ్గర చిన్న చుక్క రక్తం తీసి మొదటి రోజంతా చూస్తుంటారు, దానికి కంగారు పడకండి. పుట్టిన గంటలోపే, సిజేరియన్ అయినా సరే, బిడ్డను మీ ఒంటికి ఆనించి ముర్రుపాలు పట్టించమని ముందే చెప్పి ఉంచండి. ఆ పాలు షుగర్‌ను నిలబెడతాయి, మీరు వెతుకుతున్న యాంటీఆక్సిడెంట్లు, విటమిన్ ఇ కూడా వాటిలో ఉంటాయి. తేనె, పంచదార నీళ్ళు ఎవరు తెచ్చినా నాకనివ్వకండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు పచ్చబడినా వెంటనే నర్సుకు చెప్పాలి.

ఇప్పటి నుంచి బిడ్డ కదలికలు గమనించండి. రోజూ ఉండే తీరు కన్నా బాగా తగ్గితే తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి. అన్నం సహించకపోవడం, నిద్రలేమి ఇలాగే సాగితే వాటిని కూడా షుగర్ అంకెల్లాగే డాక్టర్‌కు చెప్పండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఉంది. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మీకు మళ్ళీ గ్లూకోజ్ తాగించి టెస్టు చేయాలి. బిడ్డ పనుల్లో చాలామంది తల్లులు మర్చిపోయేది ఇదే, ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కు షుగర్ రాసుకున్న పుస్తకం, ఆ క్యాప్సూళ్ళ డబ్బా, మీవారు, అత్తమ్మ, అందరూ కలిసి వెళ్ళండి. ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో మీకూ మీవారికీ ఇద్దరికీ నేర్పమని అడగండి. కాన్పు ఆ ఆస్పత్రిలోనే అనుకుంటే, రాత్రిపూట పిల్లల డాక్టర్ అక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా, బిడ్డను షుగర్ కోసం చూడాల్సి వస్తే మీ పక్కనే ఉంచుతారా, వేరే తీసుకెళ్తారా అని అడ్వాన్స్ కట్టకముందే కనుక్కోండి.